ప్రయోగశాలల్లో మూలనపడిన యంత్రాల గురించి ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

కళాశాలలో రసాయనశాస్త్రం బోధించే నేను ఒకే విన్నపంతో ఈ లేఖ రాస్తున్నాను. మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ (ఒక రకం క్రొమాటోగ్రఫీ యంత్రం) వంటి పరికరానికి నిధులు మంజూరు చేసేటప్పుడు, దాని నిర్వహణ ఖర్చునూ, దాన్ని నడిపే సాంకేతిక నిపుణుల జీతాన్నీ అదే ఉత్తర్వులో చేర్చండి.

మీట నొక్కితే చాలు, పని జరిగిపోయే యంత్రం కాదిది. మిశ్రమాన్ని విడదీసే కాలమ్ జానెడు ఉక్కు గొట్టం. అందులో 3 నుంచి 5 మైక్రోమీటర్ల సిలికా రేణువులు దట్టించి ఉంటాయి. ఆ సందుల్లోంచి ద్రవాన్ని నెట్టడానికి పంపు వంద బార్లకు మించిన పీడనం పెట్టాల్సి వస్తుంది. నమూనాను సరిగా వడకట్టకపోతే నలుసులు చేరి కాలమ్ మూసుకుపోతుంది. ఫాస్ఫేట్ బఫర్ అనే లవణ ద్రావణం వాడాక నీటితో కడగకుండా ఎసిటోనైట్రైల్ అనే ద్రావణిని (సాల్వెంట్‌ను) పంపిస్తే లవణం స్ఫటికాలు కట్టి పంపు సీళ్లను గీరేస్తుంది. రోజూ యంత్రం దగ్గర ఉండేవారికి ఇవన్నీ చేతికి అలవడతాయి. అలాంటివారిని నియమించరు, కాలమ్ పాడైతే మరొకటి కొనడానికి పద్దు ఉండదు. మా దగ్గర జరిగింది ఇదే. యంత్రం నిక్షేపంగా ఉంది, కాలమ్ పనికిరాకుండా పోయింది. పిల్లలు దాని పటం గీసి పరీక్ష గట్టెక్కుతున్నారు. వాళ్లను చూస్తే నాకు బాధగా ఉంది.

రేపు మందుల నాణ్యత తేల్చాల్సింది వీళ్లే కదా! డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం రంగులేని తియ్యటి ద్రవం, కంటికి గ్లిజరిన్‌లాగే కనిపిస్తుంది. 1937లో అమెరికాలో అది కలిసిన సల్ఫనిలమైడ్ మందు వందమందికి పైగా ప్రాణాలు తీసింది. 2022లో గాంబియాలో పిల్లలు చనిపోయాక, అదే విషం ఉన్న సిరప్‌లపై ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక జారీ చేసింది. ఆ విషాన్ని విడదీసి చూపేది, మిశ్రమాలను ఇలా వేరుచేసే క్రొమాటోగ్రఫీ పద్ధతే.

పెద్ద యంత్రాలకు నిధులు చాలకపోతే ముందు గాజు సామాను ఇప్పించండి. క్రొమాటోగ్రఫీని కనిపెట్టిన రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు మిఖాయిల్ త్స్వెట్ ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో సుద్దపొడి నింపిన గాజు గొట్టంతోనే ఆకుల వర్ణకాలను పట్టీలుగా విడదీశాడు. ఒకదానిలో ఒకటి కలవని ద్రవాలను వేరుచేసే గాజు పాత్ర వేర్పాటు గరాటు; దాన్ని కుదిపిన ప్రతిసారీ తిరగేసి, కుళాయి తెరిచి ఆవిరిని వదలాలి. ఆ మెలకువ కూడా చేత్తో చేస్తేనే వస్తుంది.

కొత్త కొనుగోళ్ల జాబితా ఖరారు చేసే ముందు, ఉన్న పరికరాల్లో ఎన్ని నడుస్తున్నాయో ప్రతి కళాశాల నుంచీ నివేదిక తెప్పించుకోండి. ఆగిపోయినవాటికి కాలమ్‌లు, సీళ్లు, సాల్వెంట్లు ముందుగా మంజూరు చేయండి.

ఇట్లు,
ఒక రసాయనశాస్త్ర అధ్యాపకుడు