వార్షిక నివేదిక 2024-25: ఈ ఏడాది ప్రొడ్యూసర్ గారిది

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశానికి ముందు కార్యదర్శి నివేదిక పెట్టాలని మన నియమావళిలో ఉంది కాబట్టి పెడుతున్నాను. టీవీ వార్తల్లో పనిచేసినవాళ్ళం ఈ సంఘం ఎందుకు పెట్టుకున్నామో, ఏం చేస్తుందో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మామూలు పనులు మామూలుగానే జరిగాయి. కార్యవర్గ సమావేశాలు వేళకే పెట్టాం, కోరం కోసం ప్రతిసారీ ఫోన్లు చేసి బతిమాలుకోవాల్సి వచ్చిందనుకోండి. నవంబర్‌లో పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్ల పనికి ఇద్దరు సభ్యులు రోజంతా కూర్చున్నారు, వేలిముద్రలు పడని పెద్దవాళ్ళకి ఓపిగ్గా మళ్ళీ మళ్ళీ ప్రయత్నించారు. వాళ్ళకి ముందుగా ధన్యవాదాలు.

ఇక గట్టిగా చెప్పుకోదగ్గది ఒక్కటే, మన మాజీ ఉపాధ్యక్షులు, రిటైర్డ్ న్యూస్ ప్రొడ్యూసర్ గారి సంస్మరణ సభ. ఈ కాగితాలు వాట్సాప్‌లో ఎటెటో తిరుగుతాయని, పేరు రాయొద్దని ఇంట్లోవాళ్ళు అడిగారు. మనం ఎటూ 'ప్రొడ్యూసర్ గారూ' అనే పిలిచేవాళ్ళం కదా, ఇక్కడా అలాగే రాస్తున్నాను.

2024 ఏప్రిల్‌లో శాంతిస్వరూప్ గారు పోయినప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ జనం తలచుకున్నారు. 1983 నవంబర్ 14న దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివిన మనిషి, తలచుకోవాల్సిందే. కానీ తెర మీద కనిపించిన ముఖం గుర్తున్నంతగా, ఆ కాగితాలు వరుసపెట్టి లోపలికి పంపిన మనుషులు ఎవరికీ గుర్తుండరు. ఏ వార్త ముందు, ఏది తర్వాత, దేనికి ఎన్ని సెకన్లు, ఏది తీసేయాలి అన్నీ తేల్చేది ప్రొడ్యూసర్. బులెటిన్ బాగుంటే చదివినవాళ్ళకి పేరు, తేడా వస్తే ప్రొడ్యూసర్‌కి మెమో. ఈ మాట సభలో నేనే అన్నాను, చప్పట్లు బాగానే పడ్డాయి.

సభలో అందరికంటే బాగా మాట్లాడింది ఆయన దగ్గర చాలాకాలం వార్తలు చదివిన మన సభ్యురాలు. టెలిప్రాంప్టర్ లేని రోజులు, చేతిలో కాగితాలే. ఒక సాయంత్రం మొదటి వార్త క్యాసెట్ ఎడిటింగ్ గదిలోంచి ఇంకా బయటికి రాలేదు, సిగ్నేచర్ ట్యూన్ మొదలైపోయింది. పీసీఆర్‌లో, అంటే ప్రసారం నడిపే కంట్రోల్ రూమ్‌లో, అందరికీ టెన్షన్. చెవిలో ఈయన గొంతు మాత్రం ఇంట్లో మాట్లాడినట్టే ఉందట: 'అమ్మా, నాలుగో పేజీ ముందు చదివెయ్, తర్వాత రెండు, ఒకటి నేను చెప్పినప్పుడు.' ఆవిడ మూడో వార్తలో ఉండగా ఒక కుర్రాడు క్యాసెట్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఈయన స్టాప్‌వాచ్ చూసుకుని, చివర్లో ఉన్న ఒక వార్త మీద పెన్సిల్‌తో అడ్డగీత పెట్టి, బులెటిన్‌ని సెకను అటూ ఇటూ కాకుండా ముగించారు. ఇంట్లో చూస్తున్నవాళ్ళకి ఏమీ తెలియలేదు. ఆయన పనితనమంతా అలా కనపడకుండా పోయిందే.

ఇంకొకటి, కెమెరామన్ గా చేసిన మన సభ్యుడు చెప్పింది. ప్రమాదం జరిగిన చోట ఏడుస్తున్న తల్లి ముఖం మీదికి జూమ్ చేసి షాట్ తెచ్చి, మంచి షాట్ అని మురిసిపోతుంటే, ప్రొడ్యూసర్ గారు చూసి 'దూరం నుంచి తీసింది ఉంటే ఇవ్వు' అన్నారట. గొడవపడ్డాననీ, ఆ మాట మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదనీ ఆయన చెప్పారు. 2003-04లో తెలుగులో ఇరవై నాలుగు గంటల వార్తా చానళ్ళు వచ్చాక ఆ తరహా మనిషికి చోటు తగ్గింది. 'రెండోవైపు అడిగారా?' అని ఆయన ఆరా తీసేలోపే పక్క చానల్లో స్క్రోలింగ్ వెళ్ళిపోయేది. కొత్తగా వచ్చిన పిల్లలు ఆయన్ని నెమ్మది అనుకున్నారు. నెమ్మదేం కాదు, రన్‌డౌన్, అంటే బులెటిన్‌లో వార్తల వరుస, తిరగరాయడంలో ఆయన వేగం నేను కళ్ళారా చూశాను.

సభతోపాటు పెట్టుకున్న పని ఆయన క్యాసెట్లని డిజిటల్ చేయించడం. బీరువా అడుగు అరలో యు-మాటిక్, బీటాక్యామ్ అనే పాతరకం వీడియో క్యాసెట్లు బయటపడ్డాయి. అప్పట్లో టేపు ఖరీదైంది కాబట్టి పాత బులెటిన్ మీదే కొత్తది రికార్డు చేసేసేవారు, చాలా స్టేషన్లలో ఇదే కథ. ఈయన మాత్రం ఉంచుకోవాలనుకున్న యు-మాటిక్ క్యాసెట్ల అడుగున ఉండే ఎర్ర బొత్తాన్ని పీకేశారు, అది లేకపోతే మెషిన్ రికార్డు చేయదు. ప్లేయర్ దొరకడమే కష్టమైంది. దొరికాక కూడా గంట టేపుకి గంటా పడుతుంది, మధ్యలో పాత టేపు పొడి రాలి ప్లేయర్‌లో టేపుని చదివే హెడ్ మూసుకుపోతే ఆపి, తుడిచి, మళ్ళీ మొదలు. దగ్గర కూర్చుని ఇది ఏ వార్త, తెర మీద ఎవరు అని రాసుకునే మనుషులు కావాలి. గ్రూపులో చేతులెత్తినవాళ్ళు బోలెడుమంది. వచ్చింది మాత్రం ఆ కెమెరామన్ గారు, ఇద్దరు జర్నలిజం విద్యార్థులు, నేను. రాని కారణాలు నాకు చెప్పక్కర్లేదు, మోకాళ్ళ నొప్పులు మాకూ ఉన్నాయి. ముఖ్య అతిథిగా వస్తానని మాటిచ్చిన అధికారి కార్యక్రమానికి అరగంట ముందు మీటింగ్ ఉందని కబురు పంపారు. ఆయన కోసం తెచ్చిన శాలువా ఆ వార్తలు చదివిన సభ్యురాలికి కప్పాం, సరైన భుజాల మీదికే వెళ్ళింది.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం, ఆడిటర్ సంతకం ఉంది, లోటు లేదు. ప్రశ్నలుంటే కోశాధికారి గారిని అడగండి, నన్ను కాదు.

హాలు ఇప్పించినవారికి, మైకు వాళ్ళకి, ప్లేయర్ అరువిచ్చి తిరిగి అడగని పెద్దాయనకి, ఫొటోలు స్కాన్ చేసిన అమ్మాయికి, బీరువా తాళాలు మా చేతిలో పెట్టిన ప్రొడ్యూసర్ గారి కుటుంబానికి, టీలు అందించిన కార్యవర్గ సభ్యుల ఇంట్లోవాళ్ళకి, ఎవరినైనా మర్చిపోతే వాళ్ళకి కూడా ధన్యవాదాలు.

యు-మాటిక్‌లు అయిపోయాయి, బీటాక్యామ్‌లు సగం మిగిలే ఉన్నాయి. కొన్నింటి మీద లేబుల్ ఊడిపోయింది. అప్పట్లో డెస్క్‌లో చేసినవాళ్ళు చూస్తే తప్ప ఏది ఏదో తేలదు. సమావేశం రోజున రిజిస్టర్ బల్ల మీద పెడతాను. పేరుతో పాటు ఏ రోజు రాగలరో కూడా అందులో రాయండి.