వాక్సహాచీ కోర్టు బిల్డింగ్ గురించి రెండు మాటలు

ఎడిటర్ గారికి నమస్కారం.

డాలస్ చుట్టుపక్కల ఇంతమంది తెలుగువాళ్ళం ఉన్నాం, చుట్టాలొస్తే మాల్స్ తిప్పుతాం గానీ దక్షిణాన అరగంట పైచిలుకు డ్రైవ్‌లో ఉన్న వాక్సహాచీలో ఎల్లిస్ కౌంటీ (మన జిల్లా లాంటిది) పాత కోర్టు చూపించేవాళ్ళు చాలా తక్కువండీ, అందుకే ఈ లెటర్. 1895లో మొదలుపెట్టి 1897కి పూర్తిచేశారు, ఆర్కిటెక్ట్ జేమ్స్ రైలీ గోర్డన్. ఎర్ర ఇసుకరాయి, గ్రానైట్ కలిపి కట్టింది, ఎండ పడితే ఏం రంగండీ అది! ఏసీలు లేని రోజులు కదా, వేడిగాలి టవర్ లోంచి పైకి పోయేలా మధ్యలో ఖాళీ వదిలి ప్లాన్ గీసేవాడు గోర్డన్. ద్వారాల దగ్గర స్తంభాల పైన రాతిలో చెక్కిన మొహాలున్నాయి, కొన్ని అందంగా, కొన్ని వికారంగా. ఒక శిల్పి ప్రేమలో దెబ్బతిని అలా చెక్కాడని ఊళ్ళో చెప్తారు, దానికి ఆధారాల్లేవు, మొహాలు మాత్రం దగ్గరికెళ్ళి చూడాల్సిందే.

టెక్సస్‌లో 254 కౌంటీలున్నాయి, వాటి పాత కోర్టులు పాడైపోతున్నాయని 1998లో పాత చారిత్రక కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ వాళ్ళు ప్రమాదంలో ఉన్న కట్టడాల లిస్టులో పెట్టారు, మరుసటి ఏడే రాష్ట్రం వాటి రిపేర్లకి గ్రాంట్ల స్కీమ్ తెచ్చింది, కౌంటీ కూడా తన వాటా వేసుకోవాలి. ఈ బిల్డింగ్ రిపేర్లు 2002కి అయ్యాయి. కూలగొట్టి కొత్తది కట్టడం తేలికే, వీళ్ళు ఆ పని చెయ్యలేదు, నాకదే బాగా నచ్చింది. మీ పేపర్లో ఫొటోలతో ఒక ఫుల్ పేజీ వెయ్యండి సార్, ప్లీజ్.

– డాలస్ నుంచి ఒక పాఠకుడు