పంపు మార్చే ముందు నాజిల్ చూడండి

సంపాదకులకు నమస్కారం.

వరంగల్, హనుమకొండల్లో నాణెం వేసి ఎవరి కారు వాళ్లే కడుక్కునే వాషింగ్ సెంటర్లు పెట్టినవాళ్లకు, పెట్టాలనుకునేవాళ్లకు ఈ ఉత్తరం. ప్రెషర్ తగ్గిందనగానే పంపు మార్చడం దండగ. సంపు అడుగునుంచి వచ్చే ఇసుక, గన్ కొసన ఉండే నాజిల్ రంధ్రాన్ని అరగదీస్తుంది. రంధ్రం పెద్దదయ్యే కొద్దీ ప్రెషర్ పడిపోతుంది. అదే సైజు కొత్త నాజిల్ బిగించి గేజీ చూడండి. ముల్లు మళ్లీ మీ మెషిన్ మామూలు ప్రెషర్ (ఉదాహరణకు 100 బార్) దగ్గర నిలిస్తే పంపుకు ఏ రోగమూ లేదు.

కొత్త నాజిల్‌తోనూ ముల్లు వణుకుతూ, లోపల గులకరాళ్లు దొర్లుతున్న చప్పుడొస్తే పంపుకు నీళ్లు చాలడం లేదు. ఇన్‌లెట్ ఫిల్టర్ విప్పి కడగాలి, జాయింట్లు గాలి లాగుతున్నాయేమో చూడాలి. అలాగే నడిపిస్తే పంపులో నీళ్లు కారకుండా ఆపే సీళ్లు పోతాయి, నీళ్లు ఆయిల్‌లోకి దిగుతాయి. పంపుకున్న ఆయిల్ చూసే అద్దంలో ఆయిల్ పాలలా కనిపించిన రోజే మెషిన్ ఆపాలి. సీళ్లు మార్చకుండా ఆయిల్ ఒక్కటే మారిస్తే మళ్లీ తెల్లబడుతుంది. ఆయిల్ సాధారణంగా మొదట 50 గంటలకు, తర్వాత 500 గంటలకోసారి మార్చాలి. రోజులు లెక్కపెట్టి లాభం లేదు, మెషిన్ నడిచిన గంటలు చూపే అవర్ మీటర్ పెట్టించండి.

సీళ్లకు ఇంకో శత్రువు వేడి. ట్రిగ్గర్ వదిలి సబ్బు రుద్దుతున్నంతసేపూ అవే నీళ్లు అన్‌లోడర్ (ట్రిగ్గర్ వదిలినప్పుడు నీళ్లను వెనక్కి మళ్లించే వాల్వు) గుండా పంపులో తిరుగుతాయి, కొద్ది నిమిషాల్లో కాగిపోతాయి. ఆ బైపాస్ పైపును ఇన్‌లెట్‌కు కాకుండా సంపులోకి కలిపితే సగం బాధ తీరుతుంది. బోరు నీళ్ల గార పట్టి అన్‌లోడర్ బిగుసుకుంటే విప్పి, లీటరు గోరువెచ్చని నీళ్లలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి అరగంట నానబెట్టి, మంచినీళ్లతో కడగండి.

త్రీఫేజ్ మోటారుకు, ఒక ఫేజ్ పోగానే దాన్ని ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ తప్పనిసరి. అది లేకుండా ఒక ఫేజ్ పోతే మోటారు మూలుగుతూనే నడిచి వైండింగ్ కాలుతుంది.

ఇక నాణేల పెట్టె. 10 రూపాయల నాణేల్లో 14 డిజైన్లు చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే చెప్పింది. 20 రూపాయల నాణెం కూడా అదే 27 మిల్లీమీటర్లు. అందుకే పెట్టె పొరబడకుండా పాతవీ కొత్తవీ, అరిగినవీ నమూనాలుగా వేసి గుర్తుపట్టడం దానికి నేర్పించాలి. లోపల దుమ్మును పొడిగుడ్డతో తుడవండి, నూనె మాత్రం వేయొద్దు.

ఏది విప్పినా ముందు కరెంటు మెయిన్ ఆపి, ట్రిగ్గర్ నొక్కి పైపులోని ప్రెషర్ పూర్తిగా వదలండి. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

– ఒక పంపు మెకానిక్, కాజీపేట