విశ్వావసు సంవత్సర నివేదిక: కార్యదర్శి నుంచి సభ్యులకు

సభ్యులందరికీ నమస్కారం.

గత ఉగాది నుంచి ఇప్పటిదాకా జర్మనీలోని మన తెలుగు సంఘం చేసిన పనుల నివేదిక ఇది. ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే జరిగాయి. బతుకమ్మకు హాలు దొరక్క చివరి వారంలో టెన్షన్ పడ్డాం కానీ గట్టెక్కాం. ఆదివారం తెలుగు బడి నడుస్తోంది. గుణింతాల దగ్గర పిల్లలు, హోంవర్క్ దగ్గర తల్లిదండ్రులు మొరాయిస్తున్నారు. ఇవన్నీ మీకు తెలిసినవే. అందుకని ఈసారి ఎక్కువ చోటు నవంబరు 16 నాటి ప్రయాణానికి ఇస్తున్నాను. దాని మీద కమిటీలోనే గొడవ జరిగింది గనక అందరికీ వివరం చెప్పాలి.

బెర్లిన్‌కు దక్షిణంగా దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో వ్యూన్స్‌డోర్ఫ్ అనే చిన్న ఊరుంది. ఆ పక్క అడవిలోనే త్సేరెన్స్‌డోర్ఫ్ భారతీయ సైనికుల శ్మశానవాటిక. త్సేరెన్స్‌డోర్ఫ్ పల్లె ఇప్పుడు లేదు, సైన్యం శిక్షణ మైదానం కోసం ఖాళీ చేయించారు. ఊరు పోయి వల్లకాడు మిగిలింది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లకు పట్టుబడి, ఖైదులోనే చనిపోయిన 206 మంది భారతీయుల సమాధులు అక్కడున్నాయి.

అక్కడికి వెళ్దామని ప్రతిపాదన పెట్టగానే కోశాధికారి గారు అడిగిన మొదటి మాట: "వాళ్ళలో మనవాళ్ళెవరైనా ఉన్నారా?" న్యాయమైన ప్రశ్నే. 1914లో ఫ్రాన్సుకు పంపిన భారత సైన్యంలో ఎక్కువమంది పంజాబీలు, పఠాన్లు, గఢ్వాలీలు, గూర్ఖాలు. తెలుగు సంఘం డబ్బు తెలుగువాళ్ళ కోసమే అని ఆయన వాదన. ఇంకొకరు కార్తీక మాసంలో శ్మశానానికి వెళ్ళడమేంటన్నారు. కానీ జర్మనీలో యుద్ధమృతులను తలచుకునే ఆదివారం ఈసారి నవంబరు 16నే పడింది. కార్తీకం ఇంకా నాలుగు రోజులుంది. సమాధుల మీద పెట్టే ఎర్ర గిన్నెల దీపాలు ఆ నెలంతా ఇక్కడ ప్రతి సూపర్‌మార్కెట్లో దొరుకుతాయి. దీపానికి కార్తీకమేం అభ్యంతరం చెప్పదని నేనన్నాను. ఒక్క ఓటు తేడాతో తీర్మానం నెగ్గింది.

మొత్తం 19 మందిమి వెళ్ళాం, అందులో ఏడుగురు పిల్లలు. స్టేషన్ నుంచి ఎక్కాల్సిన బస్సు రాలేదు, నడిచాం. అది పాత సైనిక మైదానం కాబట్టి దారి వదిలి చెట్లలోకి వెళ్ళొద్దని పిల్లలకు ముందే గట్టిగా చెప్పాం.

నడకలోనే పిల్లలకు ఆ కథ చెప్పాను. వ్యూన్స్‌డోర్ఫ్‌లో హాల్బ్‌మోండ్‌లాగర్, అంటే నెలవంక శిబిరం ఉండేది. బ్రిటిష్, ఫ్రెంచ్ సైన్యాల నుంచి పట్టుకున్న ముస్లిం సైనికులను, భారతీయులను అందులో ఉంచారు. ఉద్దేశం జాలి కాదు, వాళ్ళను తమ వైపు తిప్పుకోవడం. అందుకే 1915లో అక్కడ చెక్కతో మసీదు కూడా కట్టించారు. జర్మన్ నేల మీద నమాజు కోసం కట్టిన తొలి మసీదు అదే. 1920ల్లో కూల్చేశారు, మసీదు వీధి అన్న పేరు మాత్రం ఆ ఊళ్ళో ఉండిపోయింది. ఖైదీల కోసం హిందీ, ఉర్దూల్లో పత్రిక నడిపారు. బెర్లిన్‌లోని భారతీయ విప్లవకారుల కమిటీ వాళ్ళు వచ్చి బ్రిటిష్ వాళ్ళ మీద తిరగబడమని చెప్పేవారు. ఆ కమిటీని నడిపించిన వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ 1880లో హైదరాబాదులో పుట్టినవాడే, సరోజినీ నాయుడి తమ్ముడు. కోశాధికారి గారి ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఇంతే. అది ఆయనకు సరిపోలేదు.

అప్పట్లో జర్మన్ పండితులు ఖైదీల గొంతులు రికార్డు చేసుకునేవారు, భాషల పరిశోధన కోసం. 1916 డిసెంబరు 11న మాల్ సింగ్ అనే పంజాబీ సైనికుడు గ్రామఫోను ముందు తన కథే ఎవరిదో అన్నట్టు చెప్పాడు. ఒక మనిషి ఉండేవాడట, హిందుస్థానంలో వెన్న తినేవాడట, ఈ యుద్ధానికొచ్చి జర్మన్లకు చిక్కాడట, తిరిగి వెళ్ళాలనుకుంటున్నాడట. ఆ గొంతు హుంబోల్ట్ విశ్వవిద్యాలయం ధ్వని భాండాగారంలో ఇప్పటికీ ఉంది. పిల్లలకు ఇదంతా పట్టలేదు కానీ "వెన్న కావాలన్నాడా?" అని మూడుసార్లు అడిగారు.

చలి, క్షయ చాలామందిని తీసుకుపోయాయి. 1917లో ఖైదీల్లో చాలామందిని చలి కాస్త తక్కువని రుమేనియాకు తరలించారు. అప్పటికే ఆలస్యమైనవాళ్ళు ఇక్కడున్నారు. రెండో యుద్ధం తర్వాత ఈ ప్రాంతం సోవియట్ సైన్యం చేతిలో ఉండి వాటిక పాడుబడింది. ఆ సైన్యం 1994లో వెళ్ళిపోయాక బాగుచేశారు. ఇప్పుడు కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ చూసుకుంటోంది. గడ్డి మన హాలు కార్పెట్ కంటే శుభ్రంగా ఉంది.

హిందువుల రాళ్ళ మీద నాగరి లిపిలో, సిక్కులవాటి మీద గురుముఖిలో, ముస్లింలవాటి మీద అరబిక్‌లో ఒక్కో వాక్యం చెక్కారు. ఇంట్లో ఉంటే హిందువులను, సిక్కులను దహనం చేసేవాళ్ళు, ఇక్కడ మట్టిలో పెట్టారు. అది చూసి మాతో వచ్చిన పిన్నిగారు చాలాసేపు మాట్లాడలేదు. హైదరాబాదీ సభ్యుడొకరు ఫాతిహా ప్రార్థన చదివారు. పిల్లలు పేర్లు పైకి చదువుతూ వరసగా దీపాలు పెట్టారు. తెలుగు పేరు ఒక్కటీ మాకు కనబడలేదు. తెచ్చిన దీపాలు నలభై, కాబట్టి చాలా రాళ్ళకు దీపం అందలేదు. ఏ రాయి దగ్గర ఆపాలో తేల్చుకోలేక పిల్లలు కాసేపు పోట్లాడుకున్నారు.

పులిహోర, పెరుగన్నం వాటికలో విప్పలేదు, స్టేషన్‌కు తిరిగొచ్చాక బెంచీల మీద తిన్నాం. స్నానం చేయకుండా ఇంట్లో అడుగుపెట్టొద్దని పిన్నిగారు అందరికీ మెసేజ్ పెట్టారు. అందరూ పాటించారనే అనుకుంటున్నాను.

ఖర్చు వివరాలు: సంఘం నుంచి దీపాలకు మాత్రమే తీసుకున్నాం, రైలు టికెట్లు ఎవరివి వాళ్ళే కొనుక్కున్నారు. రసీదు జతచేశాను. ఈ ఏడాది మళ్ళీ వెళ్ళాలా అన్నది సర్వసభ్య సమావేశంలో మీరే తేల్చాలి. గురుముఖి చదవడం వచ్చినవాళ్ళెవరైనా తెలిసి ఉంటే చెప్పండి.

ఆరిపోయిన దీపాల గిన్నెలు అక్కడ వదిలేయకూడదు కదా, వారం తర్వాత కోశాధికారి గారు ఒక్కరే వెళ్ళి నలభైయీ ఏరి తెచ్చారు. బిల్లు పెట్టలేదు.