సెట్టింగ్స్ మళ్లీ మీ చేతికే ఇస్తున్నాం, అప్పుడెందుకు దాచామో కూడా చెప్తా

అందరికీ నమస్తే అండి. మన టోరెంట్ సాఫ్ట్‌వేర్ (ఫైళ్లని ముక్కలుగా ఒకరి నుంచి ఒకరు దించుకుంటూ, పంచుకుంటూ ఉండేది) వాడేవాళ్లందరికీ ఈ అప్‌డేట్, ముఖ్యంగా మొదటి వెర్షన్ నుంచి మాతో ఉన్న పాత కాపులకి. స్పీడ్ లిమిట్, కనెక్షన్లు, పోర్ట్ లాంటివి మీరే మార్చుకునే అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ ప్యానెల్ వచ్చే వెర్షన్‌లో తిరిగొస్తోంది.

పోయిన పెద్ద వెర్షన్‌లో దాన్ని పీకేసి "అందరికీ ఈజీగా ఉండేలా సింపుల్ చేశాం" అని గొప్పగా రాశా కదా, అది సగమే నిజం. మిగతా సగం ఏంటంటే మేం మొత్తం ముగ్గురం, సపోర్ట్ మెయిల్స్ చూసేది ఎక్కువగా నేనే, ఎవరో ఏదో నంబర్ మార్చుకుని "మీ సాఫ్ట్‌వేర్ స్లో" అని రాస్తే సగం రోజు దానికే పోయేది, విసుగొచ్చి మొత్తం ప్యానెల్ లేపేశా. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు. తెలిసి వాడేవాళ్లు తిట్టిపోశారు, తిట్టాల్సిందే.

అసలు దీనంతటికీ మొదలు ఒక సున్నా. ఒక కస్టమర్ ఆఫీసులో ఇంకో పని నడుస్తోందని అప్‌లోడ్ ఆపేద్దామని లిమిట్ బాక్స్‌లో 0 కొట్టారు. మన దాంట్లో అప్పుడు 0 అంటే "లిమిట్ లేదు" అని అర్థం, చాలా టోరెంట్ సాఫ్ట్‌వేర్లలో కూడా అంతే, వాడి వాడి మాకు అది మామూలైపోయింది కానీ కొత్తగా చూసేవాళ్లకి 0 అంటే సున్నానే కదా. ఆయన ఆపేశాననుకున్నారు, అది ఫుల్ స్పీడ్‌లో పోయింది, ఆఫీసులో అందరి కాల్స్ కట్ అయ్యాయి. స్క్రీన్‌షాట్ పంపిస్తే చూసి ముందు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. తప్పు ఆయనది కాదు, ఆ బాక్స్‌ది. నేను బాక్స్‌ని బాగు చేయాల్సింది పోయి దాచేశా.

అప్‌లోడ్ నిండితే డౌన్‌లోడ్ ఎందుకు పడిపోతుందని చాలామంది అడుగుతారు కాబట్టి చెప్తా. మీరు డౌన్‌లోడ్ చేసే డేటాకి "అందింది" అని అవతలికి చిన్న చిన్న రసీదులు తిరిగి వెళ్తుంటాయి, అవి వెళ్లేది అప్‌లోడ్ దారిలోనే, ఆ దారి మోడెం దగ్గర క్యూ కట్టి జామ్ అయితే రసీదులు లేటవుతాయి, రసీదు రాకపోతే అవతలివాడు పంపడం తగ్గిస్తాడు, వెబ్ పేజీ కూడా తెరుచుకోదు. అందుకే అప్‌లోడ్‌ని లైన్ కెపాసిటీలో 80 శాతం దగ్గర ఆపండి అని పాతవాళ్లు ఎప్పట్నుంచో చెప్పేది. యూటీపీ అనే ప్రోటోకాల్ (టోరెంట్ డేటా పంపే ఒక పద్ధతి) వచ్చింది కూడా ఈ బాధకే, క్యూలో ఆలస్యం 100 మిల్లీసెకన్లు దాటితే తనే వెనక్కి తగ్గుతుంది. అందరి లైన్ ఒకేలా ఉండదు కదా, కొందరికి అది అవసరానికి మించి తగ్గిపోతుంది, అలాంటివాళ్లకి ఆఫ్ చేసుకునే స్విచ్ ఇప్పుడు ఇస్తున్నాం.

కొత్త ప్యానెల్‌లో 0 గొడవ లేదు. "ఆపు", "లిమిట్ లేదు", "ఇంత" అని మూడు వేర్వేరు బటన్లు. ఇంకోటి, యూనిట్. ఇంటర్నెట్ ప్లాన్లు చెప్పేది మెగాబిట్స్‌లో, సాఫ్ట్‌వేర్ చూపించేది మెగాబైట్స్‌లో, 8 బిట్లు ఒక బైటు, అంటే 100 మెగాబిట్ల లైన్‌కి 12.5 మెగాబైట్లు వస్తే అదే ఫుల్. ఇది తెలీక "స్పీడ్ ఎనిమిదో వంతే వస్తోంది" అని వచ్చిన మెయిల్స్‌కి లెక్కే లేదు. ఇప్పుడు మీరు ఏది టైప్ చేసినా పక్కనే రెండో యూనిట్‌లో కూడా కనిపిస్తుంది.

కనెక్షన్ల సంఖ్య కూడా మీదే. కానీ ఒక్క మాట, ఎక్కువ పెడితే ఎక్కువ స్పీడ్ అనేది భ్రమ అండి. ప్రతి కనెక్షన్‌కి రౌటర్ తన టేబుల్‌లో ఒక వరస రాసుకోవాలి, చిన్న రౌటర్లలో ఆ టేబుల్ నిండితే ఇల్లంతా నెట్ పోతుంది, రీస్టార్ట్ చేస్తే గానీ లేవదు. ఒకరు 5000 పెట్టుకుని సరిగ్గా ఇదే చేశారు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో, 2004లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2 పూర్తికాని కనెక్షన్లని ఒకేసారి 10కి కట్టేసింది, దాన్ని తప్పించడానికి సిస్టమ్ ఫైల్‌కే ప్యాచ్ వేసుకున్నవాళ్లు మీలో ఉన్నారని నాకు తెలుసు (నేనూ వేశా). విండోస్ 7 నాటికే ఆ లిమిట్ పోయింది, ఆ ప్యాచ్ గురించి ఇంకా మెయిల్స్ వస్తున్నాయి, దయచేసి వదిలేయండి.

పోర్ట్ (బయటి కనెక్షన్లు మీ సాఫ్ట్‌వేర్‌కి వచ్చే గుమ్మం నంబర్) మీరే పెట్టుకోవచ్చు, పాత అలవాటు కొద్దీ 6881 పెట్టకండి, బిట్‌టోరెంట్‌కి అది మొదట్నుంచీ ఉన్న పోర్ట్ కాబట్టి ట్రాఫిక్‌ని అడ్డుకోవాలనుకునేవాడు ముందు చూసేది దాన్నే. 49152 పైన ఏదో ఒకటి ఎంచుకుంటే సరిపోతుంది. ఫైల్‌కి డిస్క్‌లో ముందే జాగా పట్టి ఉంచాలా వద్దా, టోరెంట్ టోరెంట్‌కీ వేరే లిమిట్, రాత్రి ఒక స్పీడు పగలు ఒక స్పీడు, ఇవన్నీ ఉన్నాయి, వీటి గురించి మీకు నేను చెప్పేదేం లేదు.

ఇవ్వనివి కూడా చెప్పేస్తా, తర్వాత అడిగి గొడవ పడొద్దు. హ్యాష్ చెక్ ఆఫ్ చేసే స్విచ్ ఇవ్వను. డిస్క్ స్లోగా ఉందని ఇద్దరు ముగ్గురు అడిగారు, కానీ వచ్చిన ముక్క అసలుదో పాడైందో తెలిసేది దానివల్లే, అది తీసేస్తే మీరు చెత్త దించుకోవడమే కాదు, అదే చెత్త పక్కవాళ్లకి పంచుతారు. ప్రైవేట్ అని గుర్తు పెట్టిన టోరెంట్లలో డీహెచ్‌టీ, పీర్ ఎక్స్‌ఛేంజ్ (అదే ఫైల్ ఉన్న మిగతావాళ్లని ట్రాకర్ సర్వర్‌ని అడక్కుండా వెతికే దారులు) ఆన్ చేయడం కూడా కుదరదు, ఆ గుర్తు పెట్టింది టోరెంట్ తయారు చేసినవాళ్లు, దాన్ని మీరూ నేనూ దాటకూడదు. మీ కంప్యూటర్ మీ ఇష్టం, ఒప్పుకుంటా, కానీ ఈ రెండూ మీ కంప్యూటర్ దగ్గర ఆగేవి కావు.

ప్యానెల్ మొదట మూసే ఉంటుంది, తెరిస్తే మీరు మార్చిన ప్రతిదాని పక్కన చుక్క ఉంటుంది, చుక్క నొక్కితే అది ఒక్కటే డిఫాల్ట్‌కి వెళ్తుంది. ఇంతకుముందు "అన్నీ రీసెట్" తప్ప ఇంకో దారి లేదు, ఒక్క తప్పు సరిచేయడానికి పది మంచివి పోయేవి. ఇక డిఫాల్ట్స్ ఎలా ఉన్నా బాధ్యత నాది, అవి ముట్టుకోకుండానే స్లో అయితే నన్నే అడగండి.

ఒక చేదు విషయం మిగిలింది. ప్యానెల్ పీకేసిన వెర్షన్ ఇన్‌స్టాల్ అయినప్పుడు మీ పాత నంబర్లని కూడా తుడిచేసింది, దాచి ఉంచాలన్న ఆలోచనే రాలేదు, అవి తిరిగి తెచ్చే దారి లేదు. ఏళ్లు కూర్చుని సెట్ చేసుకున్నవాళ్లు మళ్లీ మొదట్నుంచి చేసుకోవాలి, క్షమించండి. ఈసారి సెట్టింగ్స్ అన్నీ మామూలు టెక్స్ట్ ఫైల్‌లో ఉంటాయి, కాపీ చేసి పెట్టుకోవచ్చు, ఇంకో మెషీన్‌లో పెట్టుకోవచ్చు, ప్రతి అప్‌డేట్‌కి ముందు సాఫ్ట్‌వేరే ఒక కాపీ పక్కన పెడుతుంది.

మెయిల్ రాసేటప్పుడు ప్యానెల్ కింద "మార్చినవి కాపీ చేయి" అని బటన్ ఉంది, అది నొక్కి పేస్ట్ చేయండి చాలు, ఫైల్ పేర్లు గానీ ఫోల్డర్ పేర్లు గానీ అందులో రావు, కావాలంటే పంపే ముందు చదువుకోండి.