నాలుగు జెండాల సంగతి

సంపాదకులకు నమస్కారం.

మే 29న ఎవరెస్ట్ దినం వస్తే చాలు, హిల్లరీతో కలిసి తొలిసారి ఎవరెస్ట్ ఎక్కిన టెన్జింగ్ మావాడంటే మావాడని భారత్, నేపాల్ అభిమానులు ఇప్పటికీ కీచులాడుకుంటూనే ఉంటారు. 1953లో శిఖరం మీద ఆయన మంచుగొడ్డలికి కట్టుకున్న జెండాలు నాలుగు: ఐక్యరాజ్యసమితి, బ్రిటన్, నేపాల్, భారత్. ఆయనకు లేని పేచీ మనకెందుకో!

అసలు అడగాల్సింది వేరే ఉంది. హిల్లరీకి, ఆ బ్రిటిష్ యాత్ర నాయకుడు హంట్‌కి నైట్‌హుడ్ (‘సర్’ బిరుదు) ఇచ్చిన బ్రిటన్, టెన్జింగ్‌కి జార్జ్ మెడల్‌తో సరిపెట్టింది. ఇక శిఖరం చేరడానికి మూడు రోజుల ముందు హంట్‌తో కలిసి 8,300 మీటర్లు దాటి గుడారం, ఆక్సిజన్ మోసుకెళ్లి పెట్టొచ్చిన షెర్పా దా నంగ్యాల్ పేరు ఎంతమందికి తెలుసు? హిల్లరీ, టెన్జింగ్ చివరి రాత్రి తలదాచుకున్నది ఆ గుడారంలోనే. వచ్చే మే 29న శిఖరం ఫొటో పక్కన మీ పత్రికలో ఆయన గురించీ నాలుగు ముక్కలు వేయండి.

— ఒక పాఠకుడు, విజయవాడ