స్నేహితుడి ఇంట బసకు ఎవరి పూచీ?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో, వీపున సంచి తగిలించుకుని తక్కువ ఖర్చుతో యూరప్ తిరిగి రావడం గురించి వచ్చిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. రైలు పాసుల గురించీ, రాత్రి బస్సుల గురించీ అందులో రాసిన వాటితో నాకు పేచీ లేదు. అయితే ‘అక్కడ తెలిసినవాళ్లుంటే బస ఖర్చు సున్నా’ అన్న ఒక్క వాక్యం నన్ను ఈ ఉత్తరం రాసేలా చేసింది. కిందటేడాది నేను, నా భార్య 41 రాత్రులు జర్మనీ, నెదర్లాండ్స్, బెల్జియం, ఫ్రాన్స్ దేశాల్లో తిరిగాం. వాటిలో 30 రాత్రులు తెలిసినవాళ్ల ఇళ్లలోనూ, అంతకుముందు ముఖపరిచయమైనా లేని స్థానికుల ఇళ్లలోనూ గడిపాం. ఆ ముప్పై రాత్రులకూ మేము అద్దె చెల్లించని మాట నిజమే. కాని మా తరఫున ఎవరు ఏ కాగితం మీద సంతకం పెట్టారో, వాళ్ల నెత్తిన ఏ భారం పడిందో చెప్పకుండా దాన్ని సున్నా అనడం, ముఖ్యంగా ఈ వ్యాసం చదివి ప్రయాణం కట్టే కుర్రవాళ్ల విషయంలో, సరికాదని నా అభిప్రాయం.

మొదట వీసా సంగతి. ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలను షెంగెన్ దేశాలంటారు; వాటిలో ఏది ఎక్కువ రోజులు ఉండబోయే దేశమో దానికే దరఖాస్తు చేసుకోవాలి. మనిషికి 90 యూరోల రుసుము. వీసా రాకపోయినా అది వెనక్కి రాదు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. వీటితోపాటు ప్రతి రాత్రీ ఎక్కడ తల దాచుకుంటారో రుజువు చూపాలి. హోటల్ అయితే బుకింగ్ కాగితం చాలు. స్నేహితుడి ఇల్లయితే, ‘మా ఇంటికి రండి’ అని అతను రాసిన ఉత్తరం చాలాసార్లు సరిపోదు. ఒక్కో దేశానికి ఒక్కో పద్ధతి ఉంది, ఆ పద్ధతి ప్రకారం పరిగెత్తవలసింది మనం కాదు, అక్కడున్న మనిషి.

వరంగల్ రీజినల్ ఇంజనీరింగ్ కళాశాలలో నాలుగేళ్లు నాతో ఒకే గదిలో ఉన్న మిత్రుడు చాలా కాలంగా జర్మనీలోని ఆహెన్ నగరంలో స్థిరపడ్డాడు. మా ప్రయాణంలో 20 రాత్రులు అతని ఇంట్లోనే. మా కోసం అతను విదేశీయుల వ్యవహారాల కార్యాలయంలో అపాయింట్‌మెంటు తీసుకుని, ఒక పూట సెలవు పెట్టి, జీతం చీటీలూ ఇంటి పత్రాలూ చూపించి, 29 యూరోలు కట్టి, ఒక పూచీకత్తు పత్రం మీద సంతకం పెట్టాడు. మేము అక్కడ ఉన్నన్నాళ్లూ మా పోషణ ఖర్చు, జబ్బు చేస్తే వైద్యం ఖర్చు, గడువు దాటి ఉండిపోతే మమ్మల్ని వెనక్కి పంపించే ఖర్చు, ఇవన్నీ ప్రభుత్వం భరించవలసి వస్తే అతని నుంచి వసూలు చేసుకోవచ్చని ఆ పత్రం సారాంశం. మన ఊళ్లలో సహకార బ్యాంకు అప్పుకు హామీ సంతకం పెట్టమంటే సొంత తమ్ముడు కూడా రెండు రోజులు ఆలోచించుకుంటాడు. బీమా ఉంది కదా అనుకోవచ్చు. కాని నాలాగా పన్నెండేళ్లుగా రక్తపోటుకు మాత్రలు మింగుతున్నవాడికి ఆ పాత జబ్బు కారణంగా ఏదైనా జరిగితే చాలా బీమా పాలసీలు చేతులెత్తేస్తాయి; అప్పుడు మిగిలేది ఆ సంతకమే. ఈ సంగతులన్నీ నేను తర్వాత చదివి తెలుసుకుని ఫోన్ చేసి మొహమాటపడితే, ‘సంతకం సంగతి నాకు వదిలెయ్ రా, నువ్వు మాత్రం ఇక్కడికొచ్చి జ్వరం తెచ్చుకోకు’ అని నవ్వేశాడు. ఆ నవ్వు వెనకున్న పూచీ ఏమిటో మీ వ్యాసం చదివే పాతికేళ్ల కుర్రవాడికి ఎవరైనా ముందే చెప్పాలి.

ఫ్రాన్సులో పద్ధతి వేరు. లియాన్‌లో ఉద్యోగం చేస్తున్న మా బావమరిది కొడుకు అంతకుముందు తన తల్లిదండ్రులను పిలిపించుకున్నప్పుడు, పురపాలక కార్యాలయానికి వెళ్లి, అద్దె ఒప్పందం, ఆదాయ పత్రాలు చూపించి, 30 యూరోల స్టాంపు ఇచ్చి, మేయరు పేరున ఆతిథ్య ధ్రువపత్రం తీసుకున్నాడు. వచ్చేవాళ్లకు ఆ ఇంట్లో తగినంత చోటు ఉందో లేదో అధికారులు వచ్చి చూసే అధికారం కూడా వారికి ఉంది. ఇటలీలో అయితే విదేశీయుడిని ఇంట్లో ఉంచుకున్నవారు 48 గంటల్లోగా ఆ సంగతి పోలీసులకు రాతపూర్వకంగా తెలియజేయాలి. మనవాళ్లు చాలామంది ఈ బాధ్యతల గురించి వినకుండానే ‘నాలుగు రోజులు మీ ఇంట్లో దిగుతాం’ అని వాట్సాప్‌లో ఒక్క ముక్క పెట్టి ఊరుకుంటారు.

ఈ తతంగమంతా తప్పించుకునే దారి కూడా నాకు చూపించారు. దరఖాస్తు రోజుల్లో మేము సలహాకు వెళ్లిన ఒక ఏజెంటు, ‘మీ స్నేహితుడిని ఎందుకు ఇబ్బంది పెడతారు సార్, అన్ని రాత్రులకూ హోటల్ బుకింగులు తీసిస్తాను, వీసా చేతికి రాగానే రద్దు చేసుకోవచ్చు’ అన్నాడు. స్నేహితుడి ఇంటికి వెళుతూ హోటల్‌కు వెళుతున్నానని రాయడం అబద్ధం చెప్పడమే. పైగా సరిహద్దు దగ్గర అధికారి ‘ఎక్కడ దిగుతున్నారు’ అని అడిగితే నోట మాట ఒకటి, చేతిలో కాగితం ఒకటి అవుతుంది. 2024లో మన దేశం నుంచి షెంగెన్ వీసాకు 11 లక్షలకు పైగా దరఖాస్తులు వెళితే 1.65 లక్షలకు పైగా తిరస్కరణకు గురయ్యాయి. అంత జల్లెడ పడుతున్న చోట దొంగ బుకింగు తెలివైన పని ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదన్న లెక్క ఇంతకాలం పాస్‌పోర్టు మీది ముద్రలతో నడిచింది. 2025 అక్టోబరు 12 నుంచి వేలిముద్రలు, ఫోటో తీసుకుని యంత్రంలో నమోదు చేసే పద్ధతి మొదలైంది. ఇక మీదట గడువు దాటితే కళ్లుగప్పడం కష్టం, అక్కడ పూచీ పడ్డవాడి పరిస్థితి మరింత కష్టం.

ఇక పరిచయం లేని స్థానికుల ఇళ్ల సంగతి. 1949లో డెన్మార్క్‌లో, గాంధీజీ ఆలోచనల ప్రభావంతో బాబ్ లూట్‌వైలర్ అనే అమెరికన్ శాంతివాది, మరికొందరు యువకులు మొదలుపెట్టిన సర్వాస్ అనే సంస్థ ఉంది. అన్ని దేశాలవారికీ ఉమ్మడిగా ఉండాలని తయారుచేసిన ఎస్పెరాంటో భాషలో ఆ మాటకు ‘సేవ చేస్తాం’ అని అర్థం. దేశాల మధ్య శత్రుత్వం తగ్గాలంటే మనుషులు ఒకరి ఇంట్లో ఒకరు భోంచేయాలన్నది వారి నమ్మకం. మన దేశంలోనూ దానికి సభ్యులున్నారు. ఇక్కడి సభ్యుడొకరు మనతో మాట్లాడి, మన ఉద్దేశం తెలుసుకున్నాకే పరిచయ పత్రం ఇస్తారు. ఆతిథ్యమిచ్చేవారికి చాలా ముందుగా ఉత్తరం రాసి అనుమతి అడగాలి. మామూలుగా రెండు రాత్రులు. డబ్బు ఇవ్వడం, తీసుకోవడం ఉండదు. పగలంతా ఊరు తిరిగి రాత్రి వచ్చి పడుకుని వెళ్లిపోయేవారిని వాళ్లు ఇష్టపడరు. అతిథి వాళ్లకు ఇవ్వవలసింది తన సమయం.

అలా మేము నెదర్లాండ్స్‌లోని జీలండ్ ప్రాంతంలో జీరిక్‌జే అనే చిన్న పట్టణంలో రెండు రాత్రులు ఉన్నాం. ఆ ఇంటి పెద్దాయనకు 78 ఏళ్లు. 1953 జనవరి 31 రాత్రి ఉత్తర సముద్రం పొంగి కట్టలు తెగినప్పుడు ఆయన ఆరేళ్లవాడు. తెల్లవార్లూ అటక మీద తల్లి ఒడిలో కూర్చున్నాడట. ఆ ఉప్పెనలో నెదర్లాండ్స్‌లో 1,836 మంది చనిపోయారు. నేను దివిసీమలో పుట్టినవాడిని. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చేసరికి నాకు 14 ఏళ్లు, మా అమ్మమ్మ ఊళ్లో మిగిలిన ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వేల మంది పోయారు. నాకున్న ఇంగ్లీషు, ఆయనకున్న ఇంగ్లీషు కలిసి ఎంతో, అంతలోనే ఆ రాత్రి పన్నెండు దాకా మాట్లాడుకున్నాం. నా భార్య, ఆయన భార్య మా ఇద్దరి ముఖాలూ చూస్తూ కూర్చున్నారు. మర్నాడు ఆయన తన కారులో మమ్మల్ని ఔవర్‌కెర్క్ తీసుకువెళ్లాడు. అక్కడ చివరి గండిని పూడ్చడానికి ముంచిన నాలుగు పెద్ద కాంక్రీటు పెట్టెలే ఇప్పుడు ఉప్పెన జ్ఞాపకశాల. ఆ తర్వాత 1986లో ప్రారంభమైన తూర్పు షెల్ట్ అనే సముద్రపాయ మీది ఉప్పెన అడ్డుకట్ట చూశాం. దాదాపు తొమ్మిది కిలోమీటర్ల కట్ట, 62 ఉక్కు గేట్లు. మొదట అక్కడ సముద్రాన్ని పూర్తిగా మూసేయాలనుకున్నారట. ఆటుపోట్లు ఆగిపోతే చేపలూ ఆల్చిప్పలూ చస్తాయని జాలరులూ పర్యావరణవాదులూ అడ్డం తిరిగితే, మామూలు రోజుల్లో తెరిచి ఉంచి తుఫాను వేళ మాత్రమే దించే గేట్లు పెట్టారు. నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసిన నేను మా ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లున్నాయని చెబితే ఆయన కాగితం తెచ్చి బొమ్మ గీయించుకున్నాడు. హోటల్‌లో దిగి ఉంటే ఆ కట్ట మీదుగా బస్సులో వెళుతూ రెండు ఫోటోలు తీసుకుని ఉండేవాళ్లం.

బెల్జియంలోని ఘెంట్‌లో మాకు చోటిచ్చిన జంట ఇద్దరూ ఉద్యోగస్తులు. మేము దిగింది గురువారం. ఆ ఊళ్లో 2009 నుంచి గురువారాన్ని శాకాహార దినంగా ప్రోత్సహిస్తున్నారు కాబట్టి భోజనం దగ్గర మాకు ఇబ్బంది కలగలేదు. ఉదయం ఎనిమిదికి వాళ్లు బయలుదేరుతూ ఇంటి తాళం మా చేతిలో పెట్టి వెళ్లారు, అంతకు ముందురోజు దాకా మేమెవరమో తెలియకపోయినా.

మావల్ల జరిగిన పొరపాట్లూ చెప్పాలి. ఆహెన్‌లో మొదటి ఆదివారం నా భార్య పప్పుకు ఇంగువ తిరగమోత పెడితే వంటింటి పక్కనున్న పొగ హెచ్చరిక యంత్రం కూత పెట్టి, పైవాటాలోని ముసలావిడ కిందికి దిగి వచ్చింది. ఆదివారం అక్కడ విశ్రాంతి దినం. దుకాణాలు మూసి ఉంటాయి, గట్టి శబ్దం చేయకూడదు. మేము వెళ్లిపోయాక కూడా ఆ పొరుగింటివారితో కాపురం చేయవలసింది మా మిత్రుడు. సంచిలో నెయ్యి, కోవా, చివరికి కరివేపాకు రెమ్మ కూడా పట్టుకెళ్లకూడదని మాకు చివరి నిమిషంలో తెలిసింది, తీసేశాం. లియాన్‌లో మా బావమరిది కొడుకుది రెండు గదుల ఇల్లు. మాకు మంచం ఇచ్చి ఆరు రాత్రులు తను హాల్లో నేల మీద పడుకున్నాడు. నాలుగో రోజున గాని నాకు ఆ సంగతి తట్టలేదు, అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. మిగిలిన 11 రాత్రులూ మేము యూత్ హాస్టళ్లలోనూ చిన్న లాడ్జీల్లోనూ దిగడానికి అది కూడా ఒక కారణం. పేరులో యూత్ ఉన్నా, సభ్యత్వ కార్డు చూపిస్తే 62 ఏళ్ల నాకూ పడక ఇచ్చారు. దుప్పటి మాత్రం మనమే పరుచుకోవాలి.

కాబట్టి మీ అనుబంధంలో ఈ విషయం మళ్లీ రాసేటప్పుడు, ఏ దేశంలో ఆతిథ్యమిచ్చేవారు ఏ కార్యాలయానికి వెళ్లాలో, ఏ పత్రం తేవాలో, దాని మీద సంతకం పెడితే వారికి పడే బాధ్యత ఏమిటో ఆయా రాయబార కార్యాలయాల సమాచారంతో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. సర్వాస్ వంటి సంస్థల గురించి రాస్తే, అక్కడికి వెళ్లి ఉండడం గురించే కాక, ఇక్కడ మన ఇంటి తలుపు తెరవడం గురించి కూడా రాయండి.

దానికి నా సొంత అవసరమూ ఒకటుంది. జీరిక్‌జే పెద్దాయన, ఆయన భార్య వచ్చే జనవరిలో దివిసీమ చూడడానికి మా ఇంటికి వస్తున్నారు. మన దేశంలోనూ విదేశీ అతిథిని ఇంట్లో ఉంచుకున్నవారు, వచ్చిన 24 గంటల్లోగా ఆ వివరాలను ఆన్‌లైన్‌లో నమోదు చేయాలన్న నిబంధన ఉందని నాకు నిన్న మొన్నటిదాకా తెలియదు. అది హోటళ్లకే అనుకున్నాను. మా వీధిలో అమెరికా పౌరసత్వం తీసుకున్న మనవళ్లు వచ్చిపోయే ఇళ్లు నాలుగున్నాయి, అడిగితే వాళ్లలో ఎవరికీ తెలియదు. ఆ నమోదు ఎలా చేయాలో తెలుగులో వివరంగా ఒక్కసారి ప్రచురిస్తే నాబోటివాళ్లకు ఉపయోగపడుతుంది. మాకు ఇంకా మూడు నెలల వ్యవధి ఉంది.

భవదీయుడు,
నీటిపారుదల శాఖ విశ్రాంత ఇంజనీరు,
కృష్ణా జిల్లా